ఐటీఆర్ వేసే ముందు పేరు కలవాలి, అంకె కలవాలి: తరచూ వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

మంత్రాలయం మండలం మాధవరంలో ఎవరినైనా ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి అడిగితే, "అది పెద్ద సేట్ల సంగతి, మనకెందుకు?" అంటారు. కానీ జూన్ వచ్చిందంటే అదే ఊరి టీచర్లు, పింఛనుదార్లు, చిన్న వ్యాపారులు, లారీ ఓనర్లు ఫైలు చంకన పెట్టుకుని బస్సెక్కి ఎమ్మిగనూరుకో ఆదోనికో వస్తారు. నెట్ సెంటర్‌లో గంట కూర్చుంటారు. ఓటీపీ రాదు. లేదంటే పేరు కలవదు. లేదంటే "మీ పాన్ పని చేయడం లేదు" అని స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వస్తాయి. మళ్లీ రేపు రమ్మంటారు.

బీకాం చదివానని తెలిసినవాళ్లు ప్రతి సీజన్‌లో ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. గమనిస్తే ఒక విషయం తేలుతుంది. పన్ను లెక్క రాక ఆగిపోయేవాళ్లు తక్కువ. ఒక కాగితంలో ఉన్న పేరు ఇంకో కాగితంలో పేరుతో కలవక, ఒకచోట ఉన్న అంకె ఇంకోచోట అంకెతో కలవక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. అందుకే రిటర్ను నింపడం కన్నా ముందు ఈ రెండూ కలుపుకోవడమే అసలు పని.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 దాకా వచ్చిన ఆదాయానికి 2025లో రిటర్ను వేయాల్సి వచ్చింది. దీన్నే అసెస్‌మెంట్ సంవత్సరం 2025-26 అంటారు. అప్పట్లో మామూలు గడువు జూలై 31. ఆ ఏడాది ఫారాలు మారాయని, ఆడిట్ అవసరం లేనివాళ్లకు సెప్టెంబరు 15 దాకా ఇస్తున్నామని శాఖ 2025 మే 27న ప్రకటించింది. టైం ఉంది కదా అని చివరి వారం దాకా ఆగొద్దు. పేరు కలవకపోతే దాన్ని సరిచేయించడానికే రెండు మూడు వారాలు పోతాయి.

ఎవరు వేయాలి?

"పన్ను పడదు కాబట్టి రిటర్ను అక్కర్లేదు" అనేది మొదటి పొరపాటు. కొత్త పన్ను విధానంలో 2024-25 సంవత్సరానికి 7 లక్షల దాకా పన్ను లేదు, అది నిజమే. కానీ ఆ సంవత్సరానికి ఆదాయం 3 లక్షలు దాటితే, పాత విధానం ఎంచుకునేవాళ్లకు రెండున్నర లక్షలు దాటితే, రిటర్ను మాత్రం వేయాల్సిందే. సున్నా పన్నుకు కూడా రిటర్ను ఉంటుంది.

ఆదాయం అంతకన్నా తక్కువున్నా కొందరు తప్పకుండా వేయాలి. ఏడాదిలో కరెంటు బిల్లు లక్ష దాటినవాళ్లు, సేవింగ్స్ ఖాతాల్లో మొత్తం 50 లక్షలు, ఆపైన జమ చేసినవాళ్లు, వ్యాపార టర్నోవర్ 60 లక్షలు దాటినవాళ్లు, టీడీఎస్, టీసీఎస్ కలిపి 25 వేలు, ఆపైన కోసినవాళ్లు ఈ జాబితాలో ఉన్నారు. సీనియర్ సిటిజన్లకు ఆ 25 వేల హద్దు 50 వేలు.

మనవాళ్లకు తెలియనిది ఇంకోటి ఉంది. తన కోసం గానీ వేరేవాళ్ల కోసం గానీ విదేశీ ప్రయాణానికి ఏడాదిలో 2 లక్షలకు పైగా ఖర్చు చేసినవాళ్లు కూడా రిటర్ను వేయాలి. అమ్మానాన్నలను ఉమ్రాకు పంపిన కొడుకు తాను వెళ్లకపోయినా ఖర్చు తనదే కాబట్టి ఇందులోకి వస్తాడు.

దీంట్లో లాభం కూడా ఉంది. విదేశీ టూర్ ప్యాకేజీ మీద ఆపరేటరు 7 లక్షల దాకా 5 శాతం టీసీఎస్ వసూలు చేయాలనేది ఆ సంవత్సరపు రూలు. మనిషికి లక్షా పది వేల చొప్పున ఇద్దరికి 2,20,000 కడితే 11,000 టీసీఎస్ అవుతుంది. ఇది ఖర్చు కాదు, మీ పాన్ మీద ముందే కట్టిన పన్ను. మీకు పన్ను పడకపోతే రిటర్ను వేసి మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. కాకపోతే ఆపరేటరుకు ఏ పాన్ ఇచ్చారో ఆ పాన్‌కే అది జమ అవుతుంది. బిల్లు మీద ఎవరి పాన్ ఉందో చూసుకోండి.

పేరు కలవడం లేదు

పాన్‌కు ఆధార్ లింక్ చేయనివాళ్ల పాన్ 2023 జూలై 1 నుంచి పని చేయడం మానేసింది. దాని వల్ల టీడీఎస్ ఎక్కువ రేటుతో కోస్తారు, రిఫండ్ రాదు. ఇప్పుడు లింక్ చేయాలంటే ముందు 1,000 రూపాయలు ఫీజు కట్టాలి. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో "ఈ-పే ట్యాక్స్"లోకి వెళ్లి "అదర్ రిసీట్స్" కింద కడతారు. కట్టిన వెంటనే లింక్ కాకపోతే కంగారు పడొద్దు. చలాన్ పోర్టల్‌లో కనబడడానికి నాలుగైదు రోజులు పట్టొచ్చు. అది చూడకుండా మళ్లీ ఇంకో వెయ్యి కట్టేస్తుంటారు కొందరు.

80 ఏళ్లు నిండినవాళ్లకు, ఎన్‌ఆర్‌ఐలకు లింక్ తప్పనిసరి కాదు. అయితే గల్ఫ్‌లో ఉన్నవాళ్లు తమ స్టేటస్ ఎన్‌ఆర్‌ఐ అని శాఖ రికార్డులో మార్పించుకోకపోతే వాళ్ల పాన్ కూడా ఆగిపోతుంది.

ఫీజు కట్టాక కూడా లింక్ కాకపోవడానికి కారణం చాలాసార్లు పేరే. ఆధార్‌లో "షేక్" అని, పాన్‌లో "షైక్" అని, బ్యాంకులో "ఎస్" అని ఉంటుంది. "బాషా"కి ఒకచోట చివర హెచ్ ఉంటుంది, ఇంకోచోట ఉండదు. "మహబూబ్" స్పెల్లింగ్ నాలుగు రకాలు. "మొహమ్మద్" ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఎండీ. పేరులో చిన్న తేడా ఉంటే ఆధార్‌కు జతైన మొబైల్‌కు ఓటీపీ పంపి ఒప్పుకుంటారు. కానీ పుట్టిన తేదీ, లింగం మాత్రం అచ్చంగా కలవాలి.

ఈ పుట్టిన తేదీ దగ్గరే పెద్దవాళ్లు ఇరుక్కుంటారు. ఆధార్ తీసినప్పుడు సర్టిఫికెట్ లేనివాళ్లకు వయసు అడిగి జనవరి 1 అని వేసేశారు. పాన్‌లో మాత్రం స్కూల్ టీసీ తేదీ ఉంటుంది. అలాంటప్పుడు ఏది సరైనదో, దేనికి రుజువు ఉందో చూసి రెండోదాన్ని మార్పించాలి. పాస్‌పోర్టు, పదో తరగతి మెమో, సర్వీసు రిజిస్టరు దేనితో కలుస్తుందో దాన్నే ఉంచండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి తొందరపడి మార్పించొద్దు. పాన్ సవరణకు ప్రోటియన్ లేదా యూటీఐఐటీఎస్‌ఎల్ ద్వారా దరఖాస్తు చేయాలి. పాన్ నంబరు మారదు, కార్డు మీది వివరాలే మారతాయి. ఓటీపీతో కుదరకపోతే పాన్ సేవా కేంద్రాల్లో వేలిముద్రతో కలిపే సౌకర్యం కూడా ఉంది.

పెళ్లైన ఆడవాళ్ల విషయంలో ఒక మాట. పాన్ కార్డులో భర్త పేరు ఉండదు, సాధారణంగా తండ్రి పేరే ఉంటుంది. ఆధార్‌లో "వైఫాఫ్" అని భర్త పేరున్నా లింక్‌కు అడ్డు కాదు. అది చూసి పాన్ తప్పు అనుకుని కొత్త పాన్‌కు దరఖాస్తు చేయొద్దు. ఒక మనిషికి రెండు పాన్‌లు ఉంటే 10,000 జరిమానా పడొచ్చు.

ఓటీపీ ఎవరి ఫోన్‌కు పోతోంది?

చాలామంది మొదటిసారి రిటర్ను వేసినప్పుడు పోర్టల్‌లో మొబైల్ నంబరు, ఈమెయిల్ నెట్ సెంటర్ వాళ్లవే ఇచ్చేశారు. అప్పట్లో పని సులువుగా అయిపోయింది. ఇప్పుడు శాఖ నుంచి నోటీసు వస్తే అది కూడా ఆ ఈమెయిల్‌కే పోతుంది. మీకు తెలిసేసరికి గడువు దాటిపోతుంది.

పోర్టల్‌లో లాగిన్ అయి "మై ప్రొఫైల్"లో మీ నంబరు, మీ ఇంట్లో ఎవరిదైనా ఈమెయిల్ పెట్టండి. పాస్‌వర్డు మర్చిపోతే ఆధార్ ఓటీపీతో కొత్తది పెట్టుకోవచ్చు. ఆధార్‌కు జతైన సిమ్ పోయి ఉంటే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి కొత్త నంబరు జత చేయించండి. ఆధార్ సందేహాలకు 1947కు ఫోన్ చేయొచ్చు. రిటర్ను ఎవరితో నింపించుకున్నా ఫర్వాలేదు. పాస్‌వర్డు మాత్రం అమానత్ లాంటిది, మీ దగ్గరే ఉండాలి.

ఫారం 16లో ఒకటి, పోర్టల్‌లో ఇంకోటి

ఉద్యోగి దగ్గర ఆఫీసు ఇచ్చిన ఫారం 16 ఉంటుంది. శాఖ దగ్గర మీ గురించి రెండు చిట్టాలు ఉంటాయి. మొదటిది ఫారం 26ఏఎస్, మీ పేరున ఎంత పన్ను కోశారో అందులో ఉంటుంది. రెండోది ఏఐఎస్. జీతం, బ్యాంకు వడ్డీ, డివిడెండ్, షేర్ల అమ్మకం, పెద్ద నగదు జమలు, భూమి రిజిస్ట్రేషన్లు అన్నీ అందులోకి వస్తాయి. రిటర్ను నింపే ముందు రెండూ డౌన్‌లోడ్ చేసుకుని ఫారం 16 పక్కన పెట్టి చూడండి.

జీతంలో పన్ను కోశారు, 26ఏఎస్‌లో లేదు. ఇలాంటప్పుడు శాఖకు ఫిర్యాదు చేస్తే లాభం లేదు. కోసినవాళ్లు టీడీఎస్ రిటర్ను వేయలేదు, లేదంటే మీ పాన్ తప్పు కొట్టారు. జీతాలు పాస్ చేసే అధికారి దగ్గరికి వెళ్లి సవరణ రిటర్ను వేయమని రాతపూర్వకంగా అడగాలి. అది పడకముందే మీరు ఆ మొత్తం క్లెయిమ్ చేస్తే అంత మేరకు డిమాండ్ నోటీసు వస్తుంది.

ఏఐఎస్‌లో మీది కాని ఎంట్రీ కనబడినా భయపడొద్దు. ప్రతి ఎంట్రీ పక్కన ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలుంది. సమాచారం సరికాదనో, వేరే పాన్‌దనో, రెండుసార్లు పడిందనో ఎంచుకుని పంపొచ్చు. జాయింట్ ఖాతాల్లో ఈ చిక్కు ఎక్కువ. డబ్బు నాన్నది, మొదటి పేరు కొడుకుది అయితే వడ్డీ కొడుకు ఏఐఎస్‌లో కనబడుతుంది.

ఏఐఎస్‌లో లేదు కాబట్టి చూపక్కర్లేదు అనుకోవడం కూడా పొరపాటే. చేతికి వచ్చిన ఇంటి అద్దె అందులో కనబడకపోవచ్చు. ఆదాయం మాత్రం ఆదాయమే.

"ఆ వడ్డీ మేము ముట్టుకోలేదు"

మన ఇళ్లలో ఇది సున్నితమైన విషయం. బ్యాంకు వేసిన సూద్ వాడుకోకుండా పక్కన పెట్టి, సవాబ్ ఆశించకుండా పేదలకు ఇచ్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే "అది మా సొమ్మే కాదు, రిటర్నులో ఎందుకు చూపాలి?" అంటారు.

దీన్ లెక్క వేరు, పన్ను చట్టం లెక్క వేరు. ఖాతా మీ పేరున ఉంది, వడ్డీ మీ ఖాతాలో పడింది, బ్యాంకు ఆ విషయం శాఖకు చెప్పింది. తర్వాత మీరు దాన్ని ఏం చేశారన్నది చట్టం చూడదు. చూపకపోతే ఏఐఎస్‌కు, మీ రిటర్నుకు తేడా వచ్చి నోటీసు వస్తుంది. చూపితే మీరు వడ్డీ తిన్నట్టు ఒప్పుకున్నారని కాదు, ఖాతాలో పడిన మాట నిజమని చెప్పినట్టు, అంతే. "ఇతర ఆదాయాలు" అనే చోట సేవింగ్స్ వడ్డీ, డిపాజిట్ వడ్డీ వేర్వేరుగా రాయాలి. పాత విధానం ఎంచుకున్నవాళ్లకు 80టీటీఏ కింద సేవింగ్స్ వడ్డీలో 10,000 దాకా మినహాయింపు ఉంది. సీనియర్ సిటిజన్లకు 80టీటీబీ కింద డిపాజిట్ వడ్డీతో కలిపి 50,000 దాకా ఉంది. కొత్త విధానంలో ఈ రెండూ లేవు.

"బ్యాంకు టీడీఎస్ కోయలేదు కాబట్టి వడ్డీ చూపక్కర్లేదు" అనేది ఇంకో అపోహ. 2024-25లో ఒక బ్యాంకులో డిపాజిట్ వడ్డీ 40,000 దాటితేనే టీడీఎస్ కోశారు. ఆ హద్దు కోయడానికే గానీ చూపడానికి కాదు.

జకాత్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మనుషులకు నేరుగా ఇచ్చిన జకాత్‌కు పన్ను మినహాయింపు లేదు. 80జీ గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చిన విరాళానికే, అదీ పాత విధానంలోనే ఉంటుంది. 2,000 దాటి నగదుగా ఇస్తే అది లెక్కలోకి రాదు. సంస్థ ఇచ్చే ఫారం 10బీఈ సర్టిఫికెట్ ఉండాలి, రసీదు పుస్తకం చీటీ చాలదు.

ఏ ఫారం?

ఎక్కువమంది ఐటీఆర్-1 వేసేస్తారు. 50 లక్షల లోపు జీతమో పింఛనో, ఒక ఇల్లు, బ్యాంకు వడ్డీ ఉన్నవాళ్లకు అది సరిపోతుంది. అసెస్‌మెంట్ సంవత్సరం 2025-26 నుంచి లిస్టెడ్ షేర్లు, ఈక్విటీ ఫండ్లపై దీర్ఘకాలిక లాభం లక్షా పాతిక వేల లోపు ఉన్నా ఐటీఆర్-1లో చూపొచ్చు. కానీ మన ప్రాంతంలో నాలుగు చోట్ల ఫారం తప్పుతుంది.

మొదటిది పొలం ఉన్న ఉద్యోగి. నాలుగెకరాల్లో పత్తో వేరుశనగో వేశారు, లేదా కౌలుకిచ్చారు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే. అయితే అది 5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. పన్ను పడకపోయినా మీ జీతం మీద పన్ను రేటు లెక్కించడానికి ఆ ఆదాయాన్ని కలుపుతారు. ఆదోని మార్కెట్ యార్డు పట్టీలు, విత్తనాలు, ఎరువుల బిల్లులు దాచుకోండి. ఖాతాలో పడిన పెద్ద మొత్తం ఎక్కడిదని అడిగితే అవే జవాబు చెబుతాయి.

రెండోది మండీ కమిషన్ వ్యాపారం. పుస్తకాలు రాయకుండా టర్నోవర్‌లో 8 శాతమో 6 శాతమో లాభంగా చూపే 44ఏడీ పద్ధతి కిరాణా, బట్టల షాపుల వంటివాటికి సులువు. దానికి ఐటీఆర్-4. కానీ కమిషన్, దలాలీ ఆదాయానికి 44ఏడీ వర్తించదని చట్టంలోనే ఉంది. కమిషన్ ఏజెంట్లు, బీమా ఏజెంట్లు ఐటీఆర్-3 వేయాలి. ఐటీఆర్-4 వేస్తున్న కమిషన్ ఏజెంట్లు దీన్ని వెంటనే సరిచేసుకోవాలి. షాపుతో పాటు 5,000 దాటిన వ్యవసాయ ఆదాయం ఉన్నవాళ్లకు కూడా ఐటీఆర్-4 కుదరదు.

మూడోది పొలం అమ్మకం. పల్లె పొలం అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. పట్టణం దగ్గరి పొలానికి ఉంది. జనాభా 10 వేలు దాటి లక్షకు మించని మున్సిపాలిటీకి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షలకు మించని దానికి 6 కిలోమీటర్లు హద్దు. 2011 జనాభా లెక్కల్లో ఆదోని లక్ష దాటింది, ఎమ్మిగనూరు లక్షలోపే ఉంది. కాబట్టి ఆదోనికి 6 కిలోమీటర్ల లోపు, ఎమ్మిగనూరుకు 2 కిలోమీటర్ల లోపు పొలం అమ్మినవాళ్లు లెక్క చూపాలి. దూరం రోడ్డు మీద కాదు, గీత గీసినట్టు నేరుగా కొలుస్తారు. రెండు పట్టణాలకూ దూరంగా ఉన్న మాధవరం పొలాలకు ఈ రెండు హద్దులూ తగలవు.

నాలుగోది గల్ఫ్‌లో ఉన్నవాళ్లు. ఎన్‌ఆర్‌ఐలకు ఐటీఆర్-1 లేదు, ఐటీఆర్-2 వేయాలి. ఎన్‌ఆర్‌ఈ ఖాతా వడ్డీకి పన్ను లేదు. ఎన్‌ఆర్‌ఓ ఖాతా వడ్డీ మీద 30 శాతం, దానిపై సెస్సు కోస్తారు. ఇక్కడ వేరే ఆదాయం లేనివాళ్లకు ఆ డబ్బు చాలావరకు రిటర్ను వేస్తేనే తిరిగొస్తుంది.

"12 లక్షల దాకా లేదన్నారు కదా?"

2025 సీజన్‌లో ఎక్కువగా వినబడిన ప్రశ్న ఇదే. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించిన 12 లక్షలు 2025 ఏప్రిల్ 1 తర్వాత వచ్చే ఆదాయానికి. దాని రిటర్ను వేసేది 2026లో. 2025లో వేసిన రిటర్నుకు హద్దు 7 లక్షలే. జీతం, పింఛను వాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 7,75,000.

ఏమీ ఎంచుకోకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. జీతం వాళ్లు ఆఫీసులో పాతది చెప్పినా రిటర్నులో కొత్తది, అక్కడ కొత్తది చెప్పినా ఇక్కడ పాతది ఎంచుకోవచ్చు. వ్యాపారం ఉన్నవాళ్లు పాతది కావాలంటే ముందు ఫారం 10-ఐఈఏ వేయాలి. పాత విధానం గడువులోపు వేసినవాళ్లకే.

ఏది మేలో 2024-25 ఆదాయానికి ఒక లెక్క చూద్దాం. జీతం 8,50,000 ఉన్న ఉద్యోగికి కొత్త విధానంలో 75,000 పోగా 7,75,000. పన్ను 27,500, సెస్సుతో 28,600. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ కింద లక్షన్నర పోతే 6,50,000. పన్ను 42,500, సెస్సుతో 44,200. అంటే 80సీ నిండా ఉన్నా పాతది నష్టమే. ఇంటి లోను వడ్డీ, హెచ్‌ఆర్‌ఏ, ఆరోగ్య బీమా వంటివి నిజంగా ఇంకో 75,000 ఉంటేనే రెండూ సమానమవుతాయి. పోర్టల్ రెండు లెక్కలూ పక్కపక్కన చూపిస్తుంది, చూసి ఎంచుకోండి.

బకాయి జీతం ఒకేసారి వచ్చినవాళ్లకు సెక్షన్ 89 కింద ఊరట ఉంది. రిటర్ను కన్నా ముందు ఫారం 10ఈ వేయాలి. అది మరిచిపోతే ఊరట ఒప్పుకోరు.

"రిఫండ్ తెప్పిస్తా, నాకు పది శాతం"

పన్ను కట్టిన ఉద్యోగుల దగ్గరికి ఈ మాట చెబుతూ వచ్చేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఉన్న పాలసీకి రెండింతలు చూపిస్తారు. లేని ఇంటి లోను, లేని వైకల్యం, ఇవ్వని పార్టీ విరాళం రాసేస్తారు. రిఫండ్ పడుతుంది, వాటా తీసుకుని వెళ్లిపోతారు. రెండేళ్ల తర్వాత నోటీసు మీ పేరున వస్తుంది.

దీని మీద శాఖ ఇప్పుడు గట్టిగానే ఉంది. దొంగ మినహాయింపులు రాయించే మధ్యవర్తులపై దేశవ్యాప్తంగా తనిఖీలు చేసినట్టు 2025 జూలై 14న ప్రకటించింది. అంతకు ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమ రిటర్నులు సవరించుకుని 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని చెప్పింది. అసెస్‌మెంట్ సంవత్సరం 2025-26 ఫారంలో పాలసీ నంబరు, బీమా కంపెనీ పేరు, లోను ఖాతా వివరాలు అడిగారు. ఊరికే అంకె వేసి పోవడం కుదరదు. తప్పుడు వివరాలతో పన్ను ఎగ్గొడితే ఆ పన్నుకు 200 శాతం జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. పైగా వడ్డీ.

నాకు తెలీదు, ఏజెంటు రాశాడు అంటే చెల్లదు. డిక్లరేషన్ మీ పేరున ఉంటుంది, ఓటీపీ చెప్పింది మీరే. సబ్మిట్ కొట్టే ముందు ప్రివ్యూ చూపించమని అడగండి. మినహాయింపుల పేజీలో మీకు అర్థం కాని ఒక్క అంకె ఉన్నా ఆపండి. రుజువు కాగితం మీ ఇంట్లో లేని మినహాయింపు మీది కాదు.

రిటర్ను వేశాం, రిఫండ్ రాలేదు

ముందు వెరిఫై అయ్యిందా చూడండి. రిటర్ను పంపాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతోనో, నెట్ బ్యాంకింగ్‌తోనో, బ్యాంకు ఖాతా ద్వారా వచ్చే కోడ్‌తోనో వెరిఫై చేయాలి. ఏదీ కుదరకపోతే ఐటీఆర్-వీ ప్రింటు తీసి, సంతకం చేసి, స్పీడ్ పోస్టులో బెంగళూరు 560500లోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్‌కు పంపాలి. 30 రోజులు దాటి వెరిఫై చేస్తే ఆ రోజే రిటర్ను వేసినట్టు లెక్క. వెరిఫై చేయకపోతే రిటర్ను వేయనట్టే.

వెరిఫై అయ్యాక కూడా రాకపోతే బ్యాంకు ఖాతా చూడండి. పోర్టల్‌లో ఖాతా "వాలిడేటెడ్" అని ఉండాలి, బ్యాంకులో పేరు పాన్ పేరుతో కలవాలి. పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ కూడా ఒక కారణం. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో 2020 ఏప్రిల్ 1న కలిసిపోయాయి. మన పల్లెల్లో ఎక్కువమందికి ఖాతాలున్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యింది. పాత పాస్‌బుక్ చూసి కోడ్ కొట్టొద్దు, బ్రాంచిలో అడిగి ఇప్పటి కోడ్ వేయండి. రిఫండ్ ఫెయిల్ అయితే ఖాతా సరిచేసి, పోర్టల్‌లోనే "రిఫండ్ రీఇష్యూ" అడగొచ్చు.

రిఫండ్ వచ్చిందంటూ ఎస్సెమ్మెస్‌లో వచ్చే లింకులు నొక్కొద్దు. రిఫండ్ కోసం శాఖ ఎవరి పిన్ నంబరూ, కార్డు నంబరూ అడగదు.

తప్పు తర్వాత తెలిస్తే

దారి మూసుకుపోదు. అసెస్‌మెంట్ సంవత్సరం 2025-26కి 2025 డిసెంబరు 31 దాకా సవరించిన రిటర్ను ఉచితంగా వేసుకునే వీలుండేది. ఆ తర్వాత అయితే అప్‌డేటెడ్ రిటర్ను ఉంది. ఇప్పుడు దానికి నాలుగేళ్ల గడువు ఇచ్చారు. కాకపోతే మిగిలిన పన్ను, వడ్డీ మీద 25 శాతం నుంచి 70 శాతం దాకా అదనంగా కట్టాలి, ఎంత ఆలస్యమైతే అంత ఎక్కువ. పన్ను తగ్గించుకోవడానికో, రిఫండ్ పెంచుకోవడానికో అది పనికిరాదు.

ఫారం తప్పని, వివరాలు లోపించాయని 139(9) నోటీసు వస్తే 15 రోజుల్లో సరిచేసి పంపాలి. 143(1) ఇంటిమేషన్ వచ్చినంత మాత్రాన కేసు కాదు. మీరు చూపిన లెక్క ఒక వరుసలో, శాఖ వేసిన లెక్క పక్క వరుసలో ఉంటాయి. ఎక్కడ తేడా వచ్చిందో చూస్తే చాలు.

అసెస్‌మెంట్ సంవత్సరం 2025-26కి గడువు దాటినవాళ్లు 2025 డిసెంబరు 31 లోపు ఆలస్యపు రిటర్ను వేసే వీలుండేది. ఆదాయం 5 లక్షల లోపు అయితే 1,000, దాటితే 5,000 లేటు ఫీజు. పన్ను బాకీ ఉంటే నెలకు 1 శాతం వడ్డీ. పాత విధానం ఎంచుకునే అవకాశం పోతుంది.

పోర్టల్‌లో ఇబ్బందులకు హెల్ప్‌డెస్క్ నంబరు 1800 103 0025. వ్యాపారం, భూమి అమ్మకం, విదేశీ ఆదాయం ఉన్నవాళ్లు చార్టర్డ్ అకౌంటెంటును కలవడమే మంచిది.

ఇంటి నుంచి బయల్దేరే ముందు

పాన్, ఆధార్, పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చదవండి. ఆధార్‌కు జతైన సిమ్ ఏ ఫోన్‌లో ఉందో చూసి ఆ ఫోన్ తీసుకెళ్లండి. ఫారం 16, అన్ని బ్యాంకుల వడ్డీ సర్టిఫికెట్లు, బీమా రసీదులు, ఉమ్రాకో మరో విదేశీ ప్రయాణానికో కట్టిన బిల్లు, పొలం పట్టీలు ఒక కవరులో పెట్టుకోండి. పని అయ్యాక రిటర్ను కాపీ, అక్నాలెడ్జ్‌మెంట్ మీ ఫోన్‌లో పడేదాకా కుర్చీ లేవొద్దు.

మాధవరం నుంచి వచ్చి పోవడానికి ఒక రోజు కూలీ పోతుంది. ఇంట్లో పది నిమిషాలు కూర్చుని ఈ కాగితాలు కలుపుకుంటే, రెండోసారి బస్సెక్కే పని తప్పుతుంది.